నగరాల కూటములు, వాతావరణ పాలన – మూడవ పాఠం: ఉద్గారాల పట్టికను చదవడం

గత పాఠాలలో కూటముల పుట్టుకను తెలుసుకున్నాం. 1990లో స్థానిక ప్రభుత్వాల అంతర్జాతీయ కూటమి అయిన ఇక్లీ ఏర్పడింది. 2005లో లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ చొరవతో సమావేశమైన మహానగరాల బృందం తరువాత సీ40గా ఎదిగింది. చట్టాలు చేసే అధికారం గాని, జరిమానా విధించే అధికారం గాని ఈ కూటములకు లేవు. అయినప్పటికీ వాతావరణ పాలనలో వీటికి స్థానం దక్కడానికి, నా దృష్టిలో, అసలు కారణం సభ్య నగరాల చేత ఒకే పద్ధతిలో ఉద్గారాల లెక్క, అంటే వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల లెక్క, రాయించడమే. ఆ లెక్కను చదవడమే నేటి అభ్యాసం.

ఆ పద్ధతిని ప్రపంచ వనరుల సంస్థ, సీ40, ఇక్లీ కలిసి రూపొందించి, 2014 డిసెంబరులో లిమా వాతావరణ సదస్సు సందర్భంగా విడుదల చేశాయి. అందులో ఉద్గారాలు మూడు స్కోప్‌లుగా విడిపోతాయి. నగర హద్దు లోపలే వెలువడేవి స్కోప్ 1. నగరం వాడుకునే గ్రిడ్ విద్యుత్తు వంటి వాటి వల్ల కలిగేవి స్కోప్ 2. నగర కార్యకలాపాల వల్లనే అయినా హద్దు వెలుపల వెలువడేవి స్కోప్ 3.

పట్టిక చేతికి రాగానే మొత్తం అంకె మీదికి చూపు పోతుంది. దానిని కాసేపు పక్కన పెట్టండి. ఒక నగరంలోని బస్సులు ఏడాదికి కోటి లీటర్ల డీజిలు కాలుస్తాయనుకుందాం. లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక స్కోప్ 1లో దాదాపు 27,000 టన్నులు నమోదవుతాయి. ఆ బస్సులన్నింటినీ విద్యుత్ బస్సులుగా మారిస్తే ఆ గడిలో సున్నా కనిపిస్తుంది. కాని వాటికి అందే కరెంటు బొగ్గు నుంచి వస్తున్నదైతే, ఆ భారంలో కొంత స్కోప్ 2లోకి చేరుతుంది. అందువల్ల నగరం మొదటి గడిని మాత్రమే చూపి విజయం ప్రకటించినప్పుడు, రెండవ గడిని కూడా కలిపి చూసిన తరువాతనే ఆ ప్రకటనను అంగీకరించాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే సగం పాఠం వచ్చినట్లే.

చెత్త విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. డంపింగ్ యార్డు ఊరి బయట ఉన్నంత మాత్రాన దాని నుంచి వచ్చే మీథేన్ బాధ్యత నగరానికి తప్పదు. ఈ పద్ధతిలో తక్కువ అంశాలు అడిగే ప్రాథమిక స్థాయి నివేదికలో సైతం దానిని స్కోప్ 3 కింద చూపవలసిందే. నగర హద్దు దాటే విమాన ప్రయాణాలు మాత్రం ఆ స్థాయిలో లెక్కకు రావు. కనుక రెండు నగరాలను పోల్చే ముందు, రెండూ ఒకే స్థాయి నివేదిక ఇచ్చాయో లేదో నిర్ధారించుకోవాలి.

అభ్యాసం: ఏదైనా ఒక సభ్య నగరం ప్రచురించిన రెండు వేర్వేరు సంవత్సరాల పట్టికలు తీసుకొని, రవాణా, చెత్త వరుసలను స్కోప్‌ల వారీగా ఎదురెదురుగా రాయండి. తగ్గిన ప్రతి గడికీ ఎదురుగా మరొకటి పెరిగిందేమో గుర్తించండి. ఆ పట్టికతోనే నాలుగవ పాఠం మొదలవుతుంది.