ఇంట్లో చదువుకునేవారికి సైన్సు – 4వ పాఠం: అంకెను ఎక్కడ మార్చాలి?

ఉదయం రసాయనశాస్త్రంలో ఆమ్లాలు, క్షారాలు మొదలుపెట్టి, మధ్యాహ్నం జీవశాస్త్రంలో శ్వాసక్రియకు వెళ్లాలన్నది ఈ రోజుకు మొదట వేసుకున్న ప్రణాళిక. అయితే గత పాఠం చివర ఇచ్చిన హైడ్రోజన్ దహన సమీకరణాన్ని (హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ) తుల్యం చేసి, అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సమానం చేసి పంపినవారిలో చాలామంది కుడివైపున హెచ్₂ఓ₂ అని రాశారు. దీన్ని సరిదిద్దకుండా ముందుకు వెళితే శ్వాసక్రియ సమీకరణం దగ్గర కూడా ఇదే తప్పు జరుగుతుంది కాబట్టి రెండు పూటలూ దీనికే కేటాయిస్తున్నాను. సంకేతాలు, సంయోజకతలు మీకు వచ్చినవే. వాటి జోలికి వెళ్లను.

ఫార్ములాలో కింద చిన్నగా ఉండే అంకె అది ఏ పదార్థమో చెబుతుంది. ముందు రాసే గుణకం ఎన్ని అణువులో చెబుతుంది. తుల్యం చేసేటప్పుడు మనం మార్చదగినది గుణకం ఒక్కటే. నీటి ఫార్ములాలో ఆక్సిజన్ పక్కన 2 చేర్చిన మరుక్షణం అది నీరు కాదు, గాయాలు శుభ్రం చేయడానికి మందుల షాపులో పలుచని ద్రావణంగా అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్. పరమాణువుల లెక్క సరిపోయింది కదా అని కొందరు అడిగారు. లెక్క సరిపోయింది, కానీ చర్యే మారిపోయింది. సరైన రూపం 2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ.

కార్బన్ డయాక్సైడ్‌ను చూడండి. కంబాలకొండ అడవిలోని ఆకులు ఆహారం తయారుచేసుకునేది దానితోనే. అందులోని 2 తీసేస్తే మిగిలేది కార్బన్ మోనాక్సైడ్. అది మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా గట్టిగా పట్టుకుని ప్రాణం తీయగలదు. విశాఖ ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను లాగేసేది కూడా ఆ మోనాక్సైడే: ఎఫ్ఇ₂ఓ₃ + 3సిఓ → 2ఎఫ్ఇ + 3సిఓ₂. ఈ ఒక్క సమీకరణంలోనే ఆ రెండు వాయువులూ చెరోవైపున ఉన్నాయి. చిన్న అంకెను ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

నా పద్ధతిలో ఆక్సిజన్‌ను ఎప్పుడూ చివరికే వదిలేస్తాను. కిరణజన్య సంయోగక్రియలో ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్ సరిచేస్తే ఆక్సిజన్ తేలికగా కుదురుతుంది: 6సిఓ₂ + 6హెచ్₂ఓ → సి₆హెచ్₁₂ఓ₆ + 6ఓ₂. ఇది తుల్యమే. అయినా ఎడమవైపు 12హెచ్₂ఓ వేసి, కుడివైపు అదనంగా 6హెచ్₂ఓ చేర్చిన రూపమే నాకు ఇష్టం. వెలువడే ఆక్సిజన్ నీటి నుంచే వస్తుందని 1941లో రూబెన్, కామెన్ బృందం ఆక్సిజన్-18 ఐసోటోపు (మామూలు దానికన్నా బరువైన ఆక్సిజన్ పరమాణువు) సాయంతో చూపింది. 6ఓ₂లో 12 ఆక్సిజన్ పరమాణువులు ఉన్నాయి. ఆరు నీటి అణువులు ఇవ్వగలిగేవి ఆరు మాత్రమే. అందుకే 12 రాయాలి.

వాయుసహిత శ్వాసక్రియ సారాంశ సమీకరణం మొదటి రూపాన్ని తిరగేసినట్టే ఉంటుంది. కానీ జరిగే చోటు, దశలు వేరు: కిరణజన్య సంయోగక్రియ హరితరేణువుల్లో, శ్వాసక్రియ కణద్రవ్యంలో మొదలై మైటోకాండ్రియాలో.

అభ్యాసం: 45 గ్రాముల గ్లూకోజ్ శ్వాసక్రియలో పూర్తిగా ఆక్సీకరణం చెందితే ఎన్ని గ్రాముల ఆక్సిజన్ కావాలో, ఎంత కార్బన్ డయాక్సైడ్, ఎంత నీరు వస్తాయో లెక్కించండి. ఆ కార్బన్ డయాక్సైడ్ అంతా సున్నపుతేటలోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి కాల్షియం కార్బొనేట్‌గా మారితే దాని ద్రవ్యరాశి ఎంతో కూడా రాయండి. ప్రతి సమీకరణంలోనూ రెండువైపుల ద్రవ్యరాశుల మొత్తాలు కలవకపోతే జవాబు పంపేముందు గుణకాలను మళ్లీ చూడండి; కలిసినా, ఏ ఫార్ములానైనా మార్చారేమో ఒక్కొక్కటిగా పరిశీలించండి.