సర్టిఫికెట్ ఎర్రర్ వస్తే వెరిఫై ఆపేయకండి
పైథాన్‌లో వెబ్ సర్వర్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీతో ఆఫీసు లోపలి సర్వర్‌కి కనెక్ట్ అయినప్పుడల్లా 'సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్' అని వస్తుంటే, చాలామంది విసిగిపోయి సర్వర్ గుర్తింపు కార్డు లాంటి ఆ సర్టిఫికెట్‌ని సరిచూడాలా వద్దా అని చెప్పే వెరిఫై సెట్టింగ్ దగ్గర ఫాల్స్ (వద్దు) అని పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది గానీ అవతల ఉన్నది మన సర్వరో, మధ్యలో దూరినవాడో తెలియదు.

దాని బదులు, సర్వర్ చూసుకునే టీమ్‌ని అడిగి రూట్ సర్టిఫికెట్ (సర్వర్ సర్టిఫికెట్ నిజమైనదో కాదో తేల్చే మూల సర్టిఫికెట్) తీసుకోండి. అది పెమ్ (.pem) అనే టెక్స్ట్ ఫైల్, చిన్నదే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి లైన్లో 'బిగిన్ సర్టిఫికెట్' అని కనిపిస్తుంది. దాన్ని ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టి, ఫాల్స్ తీసేసి అక్కడ ఆ ఫైల్ పాత్ కొటేషన్లలో ఇవ్వండి. అంతే, ఒక్క లైను మార్పు. నాకు రెండు రోజుల టెన్షన్ దీంతో పోయింది.

ఒకటి చూసుకోండి, సర్టిఫికెట్‌లో సర్వర్ పేరు మాత్రమే ఉండి, మీరు 192.168.1.20 లాంటి ఐపీతో పిలిస్తే ఇది పనిచేయదు, ఆ పేరుతోనే పిలవాలి.