పైథాన్ 3.14కి మారేటప్పుడు తెలుగు ఫైళ్లు పాడవకుండా ఎలా చూసుకోవాలి?

పలాసలో మా చిన్నాన్నకి చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఏ ఊరి రైతు దగ్గర 80 కేజీల పిక్కల బస్తాలు ఎన్ని కొన్నారు, ఇంకా ఎంత ఇవ్వాలి అన్నది ఎక్సెల్‌లో రాసుకుంటారు. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి బాకీలు తేల్చే ప్రోగ్రామ్ నేనే రాశాను. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3.11 వెర్షన్ మీద ఏ గొడవా లేకుండా నడిచేది. కొత్త ల్యాప్‌టాప్‌లో 3.14 వేసి నడిపితే ఒక్క వరస కూడా రాకుండా ఎర్రటి ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. పలాస, సోంపేట, కవిటి మాత్రమే ఉన్న చిన్న ఫైలు ఇచ్చి చూశాను. ఈసారి ఆగలేదు గానీ, ఊరి పేరు ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే జంట.

“ఏటిరా ఇది? పలాస ఏదీ?” అన్నాడు చిన్నాన్న.

తప్పు 3.14ది కాదు, నాదే. అదెలాగో మూడో మెట్టులో చెబుతాను. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

మొదటి మెట్టు: పాతదాన్ని తీసేయకండి

విండోస్‌లో రెండు పైథాన్లు పక్కపక్కనే ఉండొచ్చు. ‘పై’ తర్వాత స్పేస్, రెండు హైఫెన్లు, ‘లిస్ట్’ అని కొడితే ఏవేవి ఉన్నాయో చూపిస్తుంది. ‘పై -3.14’ అంటే కొత్తది, ‘పై -3.11’ అంటే పాతది. కొత్తదానికి విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని సామానంతా వేరుగా ఉంచే ఫోల్డర్) చేసి, లైబ్రరీలన్నీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ అంతా, అందులోనే వేయండి. లైబ్రరీలు వేసే ‘పిప్’ మధ్యలో ఆగి విజువల్ సీ ప్లస్ ప్లస్ కావాలని అడిగితే కంగారుపడి అది వేయకండి. చాలాసార్లు ఆ లైబ్రరీకి కొత్త పైథాన్‌కి సరిపడే రెడీమేడ్ ప్యాకేజీ ఇంకా రాలేదని అర్థం. కొన్నాళ్లు ఆగడమే మంచిది. ప్రతి అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ వస్తూనే ఉంటుంది, ఒక్కోదానికి 5 ఏళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారు. తొందరేం లేదు.

రెండో మెట్టు: తీసేసినవి మీ కోడ్‌లో ఉన్నాయేమో వెతకండి

అందరూ కొత్తగా ఏం వచ్చాయో చదువుతారు. నన్నడిగితే ఏం పోయాయో ముందు చదవాలి. 2023లో వచ్చిన 3.12లో డిస్ట్‌యుటిల్స్, ఇంప్ అనే మాడ్యూళ్లు (పైథాన్‌తోపాటే వచ్చే కోడ్ ముక్కలు) పోయాయి. 2024 నాటి 3.13లో సీజీఐ, టెల్నెట్‌లిబ్‌తో కలిపి 19 పాత మాడ్యూళ్లు ఒకేసారి తీసేశారు. ఇంపోర్ట్ లైన్లలో ఈ పేర్లు లేకపోతే సగం టెన్షన్ తీరినట్టే.

వచ్చినవాటిలో నాకు రోజూ పనికొచ్చేవి చిన్నవే. 3.12 నుంచి ఎఫ్-స్ట్రింగ్ (మధ్యలో విలువలు ఇరికించే వాక్యం) లోపల కూడా బయట వాడిన కోట్ గుర్తులే వాడొచ్చు. 3.13 నుంచి ఇంటరాక్టివ్ విండోలో పై బాణం నొక్కితే మొత్తం ఫంక్షన్ ఒక్కసారే తిరిగొస్తుంది. బయటికి రావడానికి ‘ఎగ్జిట్’ పక్కన బ్రాకెట్లు అక్కర్లేదు. 3.14లో టీ-స్ట్రింగులు వచ్చాయి గానీ బస్తాల లెక్కకి వాటితో పని లేదు.

మూడో మెట్టు: ఎన్‌కోడింగ్ రాయండి

అక్షరాలని ఫైల్లో బైట్లుగా దాచే పద్ధతే ఎన్‌కోడింగ్, యూటీఎఫ్-8 అలాంటిదొకటి. మన తెలుగు అక్షరం, గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే విండోస్‌లో పైథాన్ 3.14 దాకా సిస్టమ్ కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పాత పట్టిక) వాడుతుంది. ఇక్కడి మెషీన్లలో అది మామూలుగా 1252. అది ఒక్కో బైటునీ ఒక్కో ఇంగ్లీషు అక్షరమనుకుంటుంది. పలాసలో బైట్లన్నిటికీ ఆ పేజీలో ఏదో ఒక గుర్తు ఉంది, అందుకే చెత్తగానైనా చదివింది. అసలు ఫైల్లో టెక్కలి కూడా ఉంది, అందులో క కింద క వత్తు ఉంది. వత్తు కోసం మధ్యలో వచ్చే పొల్లు చివరి బైటు 8డి, దానికి ఆ పేజీలో గుర్తే లేదు. అందుకే అసలు ఫైలు దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయింది. కొమ్ముదీ ఇదే గతి. వత్తూ కొమ్మూ లేకుండా మన రైతుల పేర్లు ఎన్ని ఉంటాయి చెప్పండి!

పాత మెషీన్‌లో నడిచిందేం అంటే, ఎప్పుడో ‘పైథాన్‌యూటీఎఫ్8’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 పెట్టి మరిచిపోయాను. కొత్తదానికీ అదే పెట్టేయొచ్చు, కానీ మెషీన్ మారినప్పుడల్లా ఇదే తంతు. ఓపెన్ అన్న ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసేయడమే నయం. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా సేవ్ చేసిన ఫైలైతే ‘యూటీఎఫ్-8-సిగ్’ అనాలి. లేకపోతే మొదటి కాలమ్ పేరుకి కనపడని గుర్తొకటి అంటుకుని, ‘ఊరు’ అనే కాలమే లేదంటుంది. దానికి నా ఒక సాయంత్రం పోయింది.

ఎక్కడెక్కడ మరిచిపోయారో పైథానే చెబుతుంది. ‘-ఎక్స్ వార్న్_డిఫాల్ట్_ఎన్‌కోడింగ్’ (ఎక్స్ పెద్ద అక్షరం) కలిపి నడిపితే లైను నంబర్లతో సహా వార్నింగులు వస్తాయి. నాకు 7 వచ్చాయి. 3.15 నుంచి విండోస్‌లోనూ యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. అయినా ఇప్పుడే రాసుకుంటే అప్పుడు చూసుకోవాల్సిన పని ఉండదు.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో) కొట్టిన పాత ఫైళ్లు మాత్రం ఏ వెర్షన్‌తోనూ బాగుపడవు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.

నాలుగో మెట్టు: రెండిటితోనూ నడిపి పోల్చండి

ఒకే సీఎస్‌వీని 3.11తోనూ 3.14తోనూ నడిపి, వచ్చిన రెండు ఫైళ్లనీ విండోస్‌లోని ‘ఎఫ్‌సీ’ కమాండ్‌తో పోల్చండి. మాకు తేడా ఏమీ రాలేదు. చిన్నాన్న మాత్రం తన ఎర్ర అట్ట పుస్తకం తీసి, టెక్కలి వరస వేలు పెట్టి చూసుకున్నాకే పాత ల్యాప్‌టాప్ మూశాడు.