ఎండాకాలం కారవాన్ పక్కన పెట్టే ముందు: నీళ్ల విషయంలో జాగ్రత్తలు

శివరాత్రి దాటింది. శ్రీశైలం, సాగర్ తిరిగొచ్చిన బండిని నల్గొండలోనో పాలమూరులోనో ఎండలు తగ్గేదాకా పక్కన పెట్టేస్తారు. లోపల మిగిలిన నీళ్లు ఈ వేడికి పాచి పట్టి కంపు కొడతాయి. అందుకే ముందే అన్నీ ఖాళీ చేయాలి.

• అన్నిటికంటే ముందు గీజర్ ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్లు లేకుండా కరెంటు గీజర్ ఆన్‌లో ఉంటే ఎలిమెంట్ కాలిపోతుంది. వేడిగా ఉండగా డ్రెయిన్ (నీళ్లు బయటికి వదిలే మూత) విప్పితే ఒళ్లు కాలుతుంది. పంపు ఆపి, వేడినీళ్ల కుళాయి తిప్పి, ప్రెషర్ పోయాకే విప్పండి.

• ట్యాంకు ఖాళీ అయితే పని అయిపోయినట్టు కాదు. పైపుల్లో, గీజర్‌లో, పంపు ఫిల్టర్‌లో నీళ్లు ఇంకా ఉంటాయి. కుళాయిలన్నీ వేడి వైపు, చల్లని వైపు రెండూ తెరిచి ఉంచండి. గాలి లోపలికి వెళ్తేనే నీళ్లు కిందికి దిగుతాయి. షవర్ గొట్టాన్ని కొక్కెం నుంచి తీసి నేల మీద పెట్టండి, వంపులో ఆగిన నీళ్లు బుడబుడమంటూ వచ్చేస్తాయి.

• డ్రెయిన్ ఉన్న వైపు బండి కాస్త వాలుగా ఉండాలి.

• మళ్లీ నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి తెలిసిందే. మరిగించినా అది పోదు. పైగా ఉప్పునీళ్లయితే గీజర్‌లో తెల్లటి పెచ్చు కడుతుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు పట్టుకోండి.

• వేడినీళ్ల కుళాయిలోంచి ధార ఆగకుండా వచ్చాకే గీజర్ వేయండి.