యూరప్ వినిపిస్తోందని దీవి మీద ఆగిపోకండి

మొన్న ఆదివారం దీవి మీద రేడియో పెట్టి తిరిగొస్తున్న మన హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడే) కుర్రాళ్ల పడవ నది మొగ దగ్గర తిరగబడింది. ఐదుగురూ బతికారు. ఒకరికి భుజం ఎముక విరిగింది. రెండు రిగ్గులు (రేడియో సెట్లు), జనరేటరు గంగపాలయ్యాయి. ఆసుపత్రికి వెళ్లి అడిగితే అందరిదీ ఒకటే మాట: “మూడింటికి బయల్దేరాలనుకున్నామండీ, అప్పుడే యూరప్ తెరుచుకుంది.” అంటే అక్కడి స్టేషన్లు వినిపించడం మొదలైంది.

ముప్ఫై ఏళ్లుగా లక్షద్వీప్ నుంచి అండమాన్ దాకా రేడియో మోసుకుని తిరుగుతున్నాను. ఈ మాట వినడం నాకిది నాలుగోసారి. లైఫ్ జాకెట్లు, మంచినీళ్లు, లైసెన్సు కాగితాలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ ఒక్క తప్పు గురించే చెబుతాను.

మన తీరంలో 14 మెగాహెర్ట్జ్ మీద మధ్యాహ్నం దాటాక యూరప్ స్టేషన్లు రావడం మొదలవుతుంది. పొద్దు వాలేకొద్దీ గట్టిపడతాయి. పైగా ఉప్పునీటి అంచున నిలబెట్టిన వర్టికల్ యాంటెన్నా సిగ్నల్‌ని సముద్రమట్టానికి దగ్గరగా, దూరాలకు పంపుతుంది. ఊళ్లో మేడ మీద గొంతు చించుకున్నా దొరకనివాళ్లు దీవి మీద వరస కడతారు. ఆ పైలప్‌ని, అంటే మనకోసం ఒకేసారి పిలిచే ఆ గుంపుని, వదిలి లేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ పడవ బయల్దేరాల్సిన గంట కూడా సరిగ్గా అదే.

ఆ కుర్రాళ్లు పోటు మీద మొగ దాటాలి. రెండున్నర గంటలు ఆగేసరికి పాటు మొదలైంది. నది నీరు బయటికి తోస్తుంటే కెరటాలు లోపలికి వస్తాయి. రెండూ ఢీకొన్నచోట అల పొడుగ్గా రాదు, గోడలా నిలువుగా లేస్తుంది. దానికితోడు చీకటి. ముందు వచ్చే అల సరంగుకి (పడవ నడిపేవాడికి) కనిపించలేదు.

ఇప్పుడు వచ్చేది మరీ చెడ్డ కాలం. ప్రపంచమంతా హామ్‌లు పాల్గొనే పెద్ద వాయిస్ కాంటెస్ట్ (గొంతుతో మాట్లాడి స్టేషన్లను పట్టే పోటీ) అక్టోబర్ చివరి శని, ఆదివారాల్లో పడుతుంది. దీవి మీద నుంచి ఆడాలని అందరికీ ఉంటుంది. కానీ అది తుఫాన్ల నెల కూడా. ఫైలిన్ తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ మన విశాఖ మీద పడింది 2014లో, అదే తేదీన. తిత్లీ 2018 అక్టోబర్ 11న. అల్పపీడనం ఏర్పడిందని వార్త వస్తే ప్రయాణం మానుకోండి. వాయుగుండం అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

బయల్దేరేముందు

తిరుగు ప్రయాణం గంటను కాగితం మీద రాయండి. ఆ గంటను మార్చే అధికారం సరంగుది, మైకు ముందు కూర్చున్నవాడిది కాదు. 2018లో అంటార్కిటికా వైపు మనుషులుండని బూవే దీవి కోసం ఏళ్ల తరబడి సిద్ధపడి వెళ్లిన హామ్ బృందం, దీవి కళ్లెదుట కనిపిస్తుండగా వెనక్కి తిరిగింది. వాతావరణం దిగనివ్వలేదు, ఓడ ఇంజను ఇబ్బంది పెట్టింది, కెప్టెన్ ఇక చాలన్నాడు. రేడియోలో ఒక్కరితో కూడా మాట్లాడకుండా అందరూ ప్రాణాలతో ఇళ్లకు చేరారు. నా దృష్టిలో గొప్ప యాత్రల్లో అదొకటి.

సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల హెచ్చరిక చూడండి. ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద కెరటాలు మన ఒడ్డుకు వస్తాయి.

దీవి మీద

ఇసుక దిబ్బ మీద మీ యాంటెన్నాయే అన్నిటికంటే ఎత్తు. ఉరుము వినిపిస్తే కోయాక్స్ (యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే తీగ) ఊడదీసి దూరంగా పడేయండి, గుడారం వదిలేయండి. లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఉప్పునీరు పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అందుకే వాటిని పడవ అడుగున పెట్టకండి. పొగ మీవైపు రాకుండా జనరేటరు గాలికి దిగువన ఉండాలి. గుడారంలో ఎప్పుడూ వద్దు, వానొచ్చినా వద్దు.

చిన్న హ్యాండీ (చేతిలో పట్టే రేడియో) ఒకటి ఒంటి మీదే ఉండాలి, నీళ్లు దూరని సంచిలో, తాడుతో కట్టి. మొన్న ఐదుగురి దగ్గరా కలిపి నాలుగు రేడియోలున్నాయి. నాలుగూ పెట్టెల్లోనే ఉన్నాయి. పడవ తలకిందులయ్యాక ఏ పెట్టె తెరుస్తారు?

పడవలో కూర్చున్నవాడి హ్యాండీకి కనుచూపుమేర ఐదు కిలోమీటర్లే. భీమిలి వైపు నీళ్లలో ఉన్నవాడి గొంతు విశాఖ కైలాసగిరి కొండ మీద కూర్చున్న మిత్రుడికి అందుతుంది, ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చున్నవాడికి అందదు. కాబట్టి కొండ మీద మనిషిని పెట్టండి.

పడవలో మత్స్యకారుల ప్రమాద హెచ్చరిక పరికరం ఉందో లేదో అడగండి. లేకపోతే ఎక్కొద్దు. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ తేవద్దు, అరెస్టు చేస్తారు. పెట్రోలు క్యాన్ల మీద కూర్చుని పొగ తాగొద్దు. మొదటిసారి వచ్చినవాడిని ఒంటరిగా రాత్రి షిఫ్టులో పెట్టొద్దు. యాంటెన్నా విప్పడానికి గంట పడుతుంది, ఆ గంటను ముందే లెక్కలో వేసుకోండి. విప్పడానికి టైము లేకపోతే అక్కడే వదిలేసి రండి. అది డబ్బు పెడితే మళ్లీ వస్తుంది. ఎవరితో మాట్లాడారో రాసుకునే లాగ్ పుస్తకాన్ని మడిచి జేబులో పెట్టుకోండి. “ఇంకొక్క పదిమంది” అనకండి. “ఈ దేశం నాకు కొత్తది” అనకండి. సరంగు పదండి అంటే మైకు కింద పెట్టి లేవండి. మాట్లాడుతున్నవాడికి వీడ్కోలు చెప్పకపోయినా ఏం కాదు.

ఒడ్డున ఉన్న మిత్రుడికి కూడా ఒక మాట. చెప్పిన గంట దాటి అరగంటైనా మన గొంతు వినిపించకపోతే కోస్ట్‌గార్డ్ నంబరు 1554కి ఫోన్ చెయ్యి. పైలప్‌లో ఉండి ఉంటారులే అని ఊరుకోకు.