కొత్త ఫిల్టర్ వారానికే చోక్ అవుతోందా? ముందు డ్రమ్ము చూడండి

టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి: "ఏటి బావూ, మొన్ననే కదా ఫిల్టర్ మార్సినాం, మళ్ళీ ఎర్ర బటన్ లేసిపోనాది." ఎక్స్‌కవేటర్ లాంటి బండ్ల హైడ్రాలిక్ ఆయిల్ ఫిల్టర్ సంగతి ఇది, ఎర్ర బటన్ అంటే ఫిల్టర్ మూసుకుపోతోందని చెప్పే గుర్తు. ఫిల్టర్ ఎలా మార్చాలో ఇక్కడ చెప్పను, అది మీకు వచ్చు. మార్చినా మళ్ళీ ఎందుకు చోక్ అవుతోందన్నదే విషయం.

బటన్ ఎప్పుడు లేచింది?

పొద్దున్నే స్టార్ట్ చేయగానే లేస్తే కంగారు పడకండి. చల్లగా ఉన్న 68 గ్రేడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఎలిమెంట్ (ఫిల్టర్ లోపల వడకట్టే మడతల కాగితం) శుభ్రంగా ఉన్నా బటన్ లేస్తుంది. బండి వేడెక్కాక నొక్కి చూడండి. మళ్ళీ లేవకపోతే ఎలిమెంట్ జోలికి వెళ్ళొద్దు. లేస్తే ఆ రోజే మార్చాలి. "బండి నడుస్తోంది కదా" అంటారు. నడుస్తుంది మరి, బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ వడపోత లేకుండానే తిరుగుతోంది కాబట్టి. ఇంత చిన్న చెక్ చేయకుండా నన్ను నలభై కిలోమీటర్లు రప్పించినవాళ్ళున్నారు.

పంపు మూలుగుతోంది, బూమ్ నెమ్మదిగా లేస్తోంది

ట్యాంకు మూత తిప్పండి. 'ఉస్' మని గాలి లోపలికి పీల్చుకుంటే బ్రీదర్ (ట్యాంకులోకి గాలి వెళ్ళే చిన్న ఫిల్టర్) మూసుకుపోయింది. క్వారీ దుమ్ములో ఇది మామూలే, మార్చేయండి. పాత బట్ట చుట్టి బ్రీదర్ అనుకునేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

బ్రీదర్ బాగుంది, అయినా వారానికో ఎలిమెంట్

పాత ఎలిమెంట్‌ని పారేయకుండా కోసి, మడతలు విప్పి చూడండి. మెరుస్తున్న లోహపు పొడి ఉంటే పంపో బేరింగో అరుగుతోంది. నల్లటి రబ్బరు ముక్కలుంటే హోసో సీలో పోతోంది. బూడిద రంగు మెత్తటి దుమ్ము సిలిండర్ రాడ్ మీది దుమ్ము తుడిచే వైపర్ సీలు దగ్గర నుంచి వస్తుంది. ఇవేవీ కనిపించకుండా కాగితం ఉబ్బి, వేలికి గోధుమరంగు జిగురు అంటుకుంటే నీటిని అనుమానించండి. కాగితం ఎలిమెంట్ తడికి ఉబ్బి దారి మూస్తుంది. ఆయిల్‌లో కలిపిన జింకు అడిటివ్ కూడా నీటితో విరిగి జిగురవుతుంది.

నన్ను ఏడిపించింది ఇదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తర్వాత కొన్ని వారాలకు ఒక క్వారీలో ఎక్స్‌కవేటర్‌కి నా చేతులతోనే మూడు ఎలిమెంట్లు మార్చాను. పంపు విప్పాను, ఏమీ లేదు. కూలర్ విప్పాను, గాలితో చల్లబడేది, అందులో నీళ్ళెక్కడివి? ఆయిల్ కూడా మార్చాం, సీలు తీయని డ్రమ్ములోంచి. నాలుగో ఎలిమెంట్ కూడా పోయాక షెడ్డు వెనక్కి వెళ్తే, అక్కడ ఆ డ్రమ్ములు ఆరుబయట నిలబెట్టి ఉన్నాయి. పైమూత అంచు లోపల రెండు వేళ్ళ లోతు వాన నీళ్ళు, అందులో మునిగిన బిరడా.

బిరడా బిగువుగానే ఉంది, చుక్క ఆయిల్ కారదు. కానీ డ్రమ్ము ఊపిరి తీస్తుంది. మధ్యాహ్నం ఎండకు లోపలి గాలి వ్యాకోచించి మరలోంచి మెల్లగా బయటికి పోతుంది. సాయంత్రం వాన పడి చల్లారగానే లోపల వాక్యూమ్ ఏర్పడి, పైన నిలిచిన నీటిని అదే మరలోంచి పీల్చుకుంటుంది. రోజుకు కొంచెమే. వర్షాకాలమంతా ఇలా జరిగితే అడుగున మగ్గెడు నీళ్ళు చేరడానికి ఎంతసేపు? మన చేతిపంపు గొట్టం సరిగ్గా ఆ అడుగునే తాకుతుంది.

డ్రమ్ము వాడబోయే ముందు రోజంతా కదపకుండా ఉంచండి. సన్నటి గాజు గొట్టం పైకొసను బొటనవేలితో మూసి, అడుగు దాకా దించి, వేలు తీసి, మళ్ళీ మూసి బయటికి లాగండి. కింద నీటి పొర ఉంటే కంటికే కనిపిస్తుంది. అనుమానం మిగిలితే వేడి పెనం మీద ఒక చుక్క వేయండి, నీరుంటే చిటపటలాడుతుంది. కళ్ళజోడు పెట్టుకోండి.

డ్రమ్ములను పడుకోబెట్టి, రెండు బిరడాలూ ఒకే అడ్డగీతలో ఉండేలా తిప్పండి. అప్పుడు లోపల ఆయిల్ వాటిని మూసి ఉంచుతుంది. నిలబెట్టక తప్పకపోతే ఒక పక్క కింద చెక్క పెట్టండి, నీరు చేరే పల్లపు వైపు బిరడా రాకూడదు. వాడేటప్పుడు గొట్టాన్ని అడుగు నుంచి నాలుగు అంగుళాలు ఎత్తి పెట్టండి.

ట్యాంకులో పోసేటప్పుడు కూడా వడకట్టే పోయండి. సీలు తీయని ఆయిల్ శుభ్రమైనదని అనుకోవద్దు. మామూలు కంటికి 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నది కనిపించదు, పంపులో ఖాళీలేమో కొన్ని మైక్రాన్లే. ఎలిమెంట్ మీద 10 మైక్రాన్లని రాసి ఉంటే సరిపోదు, బీటా ఎంతో అడగండి, ఆ సైజు రేణువులను ఎలిమెంట్ ఎంత బాగా పడుతుందో చెప్పే అంకె అది. బీటా 2 అంటే ఆ సైజు, అంతకంటే పెద్ద రేణువుల్లో సగం దాటిపోతాయి. బీటా 200 అయితే 200లో ఒకటి. అయితే ఎంత మంచి మామూలు ఫిల్టరైనా నీటిని పట్టదు.

ఆయిల్ తెల్లగా మారిపోయింది

సీసాలో పట్టి పక్కన పెట్టండి. గంటలో కింది నుంచి పైకి తేటపడితే అది గాలి, ట్యాంకు నుంచి పంపుకి వెళ్ళే సక్షన్ హోసు క్లిప్పులు చూసుకోండి. మబ్బుగానే ఉంటే నీరు. బొబ్బిలి వైపు హైడ్రాలిక్ ప్రెస్సులకు నీటి కూలర్ ఉంటే ముందు దాన్నే చూడండి, ట్యూబు పగిలి ఉండొచ్చు.

రెండు రకాల ఆయిల్ కలపడం, తప్పు సైజు ఎలిమెంట్ లాంటివీ ఉంటాయి కానీ అరుదు, చివర్లో చూసుకోవచ్చు.

ఇప్పటికే బండిలో నీరు చేరి ఉంటే, రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు డ్రెయిన్ ప్లగ్ మెల్లగా వదులు చేయండి. ముందు నీళ్ళొస్తాయి, ఆయిల్ రాగానే బిగించేయండి. ఆయిల్ అంతా తెల్లబడితే మార్చాల్సిందే. ట్యాంకు ఒక్కటే దించితే సిలిండర్లలో, హోసుల్లో ఉన్నది అలాగే మిగిలిపోతుంది. కొత్తది పోసి, అన్ని సిలిండర్లూ పూర్తిగా ఆడించి, రెండు మూడు రోజులకు ఇంకోసారి దించండి. రెండోసారికి ఆయిల్ కొనడం దండగని ఓనరు అంటే, నేను కోసిన నాలుగు ఎలిమెంట్ల ఫొటోలు నా ఫోన్‌లో ఉన్నాయి, అడిగి తీసుకుని చూపించండి.