మంచు నగరంలో ఇద్దరు – 3వ పాఠం: చెమట పట్టనివ్వకండి

ఈ వారం కెనడాలోని మాంట్రియల్ నగరపు పాత పేటలో, అంటే పాత మాంట్రియల్‌లో, చలికాలంలో ఒక రోజు ఎలా గడపాలో చెప్పాలి. దానికి ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. పొరలుగా బట్టలు వేసుకోవడం గురించి నేను రాసింది చదివి బయలుదేరినవాళ్లలో చాలామంది, అన్నీ వేసుకున్నా వణికిపోయామని రాశారు. ఒక జంట హోటల్ గదిలోనే అన్నీ తొడుక్కుని, మెట్రోలో వెళ్లి, నది ఒడ్డున పది నిమిషాలు కూడా నిలవలేక తిరిగొచ్చారట. ఊలు బనియను, స్వెట్టరు, గాలి చొరని కోటు, మూడూ నేను చెప్పినవే. బట్టల్లో లోపం లేదు. ఎలా వేసుకోవాలో చెప్పి, ఎప్పుడు విప్పాలో చెప్పకుండా వదిలేశాను. వాళ్ల సెలవులో ఒక పూట నా వల్ల పాడైంది. అందుకే ఈసారి ఈ ఒక్క విషయం అరగదీసి చెబుతాను.

మాంట్రియల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 10 దగ్గర ఉంటుంది. మెట్రోలో, దుకాణాల్లో మాత్రం మన ఊళ్లో శీతాకాలపు మధ్యాహ్నంలా వెచ్చగా ఉంటుంది. మెడ దాకా జిప్పు లాగిన కోటుతో ఆ వెచ్చదనంలో పావుగంట నడిస్తే వీపున చెమట పడుతుంది. తడి మనకు తెలియదు, లోపలి బనియను మాత్రం పీల్చుకుంటుంది. ఆ తడితోనే బయటికి వస్తారు. నీరు కదలని గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఊలు పోగుల మధ్య నిలిచి మిమ్మల్ని కాపాడవలసిన గాలి చోటులోకి నీరు చేరిందన్నమాట. నూలు బనియను అయితే మరీ ప్రమాదం, అది ఆరనే ఆరదు. అప్పుడు పైన మరో స్వెట్టరు వేసుకున్నా లాభం లేదు. చలేస్తోందని ఇంకోటి వేసుకోవడం, దాంతో ఇంకా చెమట పట్టడం: నాకు బాధ కలిగించే పొరపాటు ఇదే. ఏటా కళ్లారా చూస్తున్నాను.

చేయవలసింది ఇది. తలుపు దాటి లోపలికి అడుగు పెట్టగానే, వెచ్చదనం తెలియకముందే, టోపీ, చేతి తొడుగులు తీసి జిప్పు బొడ్డు దాకా దించాలి. మెట్రో మెట్లు దిగేటప్పుడు అలా, రైలెక్కాక అలా, కాఫీ కోసం దుకాణంలో రెండు నిమిషాలు నిలబడినా అలాగే. మ్యూజియంలో కోటు అప్పగించే చోటుంటుంది, మొహమాటపడకుండా ఇచ్చేయండి. బయటికి వచ్చేటప్పుడు తలుపు ఇవతలే జిప్పు లాగి, తొడుగులు వేసుకుని, ఆ తర్వాతే తలుపు తోయండి. వీపు మీద చెయ్యి పెట్టి చూస్తే చర్మం పొడిగా, కొంచెం చల్లగా తగలాలి. బయట నడక మొదలైన అయిదు నిమిషాలకు ఆ చల్లదనం పోతుంది. మొదటి నిమిషం నుంచే హాయిగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే.

గాలి లెక్క కూడా చూసుకోండి. మైనస్ 10 ఉన్నప్పుడు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా తగులుతుంది. ఎండ కాస్తోందని మోసపోవద్దు, మబ్బు లేని రోజులే తరచుగా ఎక్కువ చలి రోజులు.

ఇక దారి. వీసా, టికెట్లు, హోటల్ సంగతి మీకు తెలిసినవే. ‘ప్లాస్ విల్ మరీ’ అనే భవనం దగ్గర మొదలుపెట్టండి. 1962లో కట్టిన ఆ శిలువ ఆకారపు భవనం కిందే ఈ ఊరి భూగర్భ దారులు పుట్టాయి. ఇప్పుడవి 30 కిలోమీటర్లకు పైగా పాకాయి, రేజో అంటారు. అక్కడి నుంచి రైల్వే స్టేషను మీదుగా, వీధిలోకి రాకుండానే స్క్వేర్ విక్టోరియా మెట్రో స్టేషనుకు చేరవచ్చు. దాని పక్కనున్న వాణిజ్య కేంద్రంలో బెర్లిన్ గోడ ముక్క ఒకటి నిలబెట్టారు, 1992లో మాంట్రియల్ 350వ పుట్టినరోజుకు బెర్లిన్ ఇచ్చింది. ఇంకొంచెం నడిస్తే సమావేశ భవనం, పాలే దే కాంగ్రే. దాని పడమటి గోడంతా రంగు అద్దాలు. మధ్యాహ్నం దాటాక ఎండ పడితే గులాబీ, పసుపు, ఆకుపచ్చ చతురస్రాలు నేల మీద పరుచుకుంటాయి. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చూడండి, ఆవిడ చీర కొంగు మీద కూడా ఆ రంగులు పడతాయి. నాకు ఈ ఊళ్లో ఇంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

ఆ భవనాన్ని ఆనుకునే ప్లాస్ దార్మ్ మెట్రో. అక్కడి నుంచి అయిదారు నిమిషాల నడకలో నోత్ర్ దామ్ చర్చి. లోపల నీలం పైకప్పు నిండా బంగారు చుక్కలు. తర్వాత ప్వాంత్ ఆ కాల్యేర్ మ్యూజియం, 1642లో ఊరు మొదలైన నేల మీదే కట్టారు. డిసెంబరు చివర సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గూకుతుంది. కాబట్టి మూడున్నరకు మ్యూజియం వదిలి, నది ఒడ్డున పావుగంట మాత్రం నడిచి, మెట్రోకు తిరిగి రండి. మేము ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళతాం, ఒడ్డున దానికి సాటి లేదు.

ఆ పావుగంటను ఇద్దరిలో ఎవరికి ముందు చలేస్తుందో వాళ్లే నడపాలి. మా మొదటి శీతాకాలంలో అదే ఒడ్డున నేను ఫొటోలు తీస్తూ ఉండిపోయాను. మా ఆవిడ పక్కనే మౌనంగా నిలబడింది. లోపలికి వచ్చాక "ఏమండీ, ఈ జిప్పు కాస్త తీస్తారా" అంది. వేళ్ల కొనలు మైనంలా తెల్లబడ్డాయి. అలాంటప్పుడు రుద్దకూడదు, సొంత చంకల్లో పెట్టుకుని మెల్లగా కాచుకోవాలి. నొప్పితో రంగు తిరిగి వచ్చేదాకా ఆమె కళ్లలో నీళ్లు ఆగలేదు. అప్పటి నుంచి ప్రతి అయిదు నిమిషాలకు ఇద్దరం బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి చూపించుకుంటాం. ఎవరి వేలు అందకపోతే ఆ క్షణమే లోపలికి. "ఇంకొక్క ఫొటో" అనే మాట ఉండదు. ఫోను కూడా లోపలి జేబులోనే ఉంచండి, చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

అభ్యాసం ఈసారి కష్టమైనదే, అయినా తప్పించుకోవద్దు. ఇంట్లో ఏసీ వేసుకుని మొత్తం బట్టలు తొడుక్కోండి. ఒకరు గడియారం పట్టుకోండి. టోపీ, తొడుగులు తీసి జిప్పు దించడం అర నిమిషంలో, తిరిగి వేసుకోవడం ఒక నిమిషంలో పూర్తవాలి. ఒక్కొక్కరు పదిసార్లు చేయాలి. చివరి మూడుసార్లు కళ్లు మూసుకుని చేయండి, ఏ జేబులో ఏముందో చేతికే తెలియాలి.

ఆ తర్వాత పై దారిని కాగితం మీద నిమిషాలతో సహా రాయండి. బయట ఉండే ఏ ముక్కా ఇరవై నిమిషాలు దాటకూడదు. ప్రతి ముక్క పక్కనా దగ్గర్లో దూరగల తలుపు ఏదో రాయాలి. ఆ కాగితం చలి ఎక్కువగా తగిలేవారి చేతనే రాయించండి. వచ్చే పాఠంలో మోన్ రొయాల్ కొండ ఎక్కుతాం. అక్కడ దారి పొడవునా మెట్రో ద్వారాలుండవు, కాబట్టి ఆ కాగితం జేబులో ఉంచుకోండి.